కుందేటికొమ్ముల పాత హెర్బేరియం రికార్డుల్లో ‘కడప’ అని ఉంటే ఆ మొక్కను ఎక్కడ వెతకాలి?

కుందేటికొమ్ములు అనే కండగల కాడల మొక్కకు హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, ఉన్న పాత నమూనాల వివరాలను పటం మీద గుర్తిస్తే చుక్కలన్నీ కడప నగరం మీదే పడుతున్నాయనీ, అక్కడ ఎంత వెతికినా మొక్క కనబడలేదనీ, అసలా రికార్డులే తప్పా అనీ మీరు అడిగారు. రికార్డులు తప్పని నేననుకోను. లేబుల్ మీద జిల్లా పేరు తప్ప మరేమీ లేనప్పుడు, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు తరచుగా జిల్లా కేంద్రాన్నో జిల్లా నడిమి బిందువునో అక్షాంశ రేఖాంశాలుగా ఇస్తారు. మీ చుక్కలు అలా పడినవే అయివుంటాయి.

పైగా ఆ కడప జిల్లా ఇప్పటిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపలోనివే కాబట్టి, అంతకుముందు సేకరించిన నమూనా హార్స్లీ కొండల దిగువ రాతినేలలో దొరికినదైనా కావచ్చు. అలాగే అనంతపురం 1882 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. ‘బళ్ళారి’ అన్న లేబుళ్లను కర్ణాటకవని పక్కన పెడితే మన మొక్కలను మనమే వదులుకున్నట్టు. ముందు సేకరించిన సంవత్సరం చూసి, ఆనాటి జిల్లా పటం తీయండి. ఒకే సేకరణ సంఖ్యతో (సేకరించినవారు తమ నమూనాకు ఇచ్చుకునే సంఖ్య) ఉన్న జంట నమూనాలు వేర్వేరు హెర్బేరియాలలో ఉంటాయి గనుక వాటిని ఒకే రికార్డుగా లెక్కించండి. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని స్టపేలియా అనే ప్రజాతి మొక్కగా వర్ణించాడు, తర్వాత కారల్లుమా అయింది, ఇటీవల కొందరు సెరోపీజియాలో చేర్చారు. మూడు పేర్లతోనూ వెతకాలి.

వీలైతే షీటు (ఎండిన నమూనాను అంటించిన కాగితం) ఫోటో తప్పక చూడండి. అనంతపురంలో నేను చూసిన ఒక షీటు మీద పలకలు తేలిన కండగల కాడ ఎండి నారలా ముడుచుకుపోయి ఉంది. రాలిన పూలను చిన్న కాగితపు పొట్లంలో పెట్టి పక్కన అంటించారు. ఊదా, పసుపు కలిసిన రేకులు నల్లబడ్డాయి కనుక రంగు తెలియాలంటే సేకరించినవారు లేబుల్‌పై రాసిన మాటే ఆధారం. ఈ కాడ నీటిని దాచుకుంటుంది. వేడినీటిలో ముంచి చంపకపోతే కాగితాల మధ్య కూడా చాలా రోజులు బతికే ఉండి, ఆరకుండా కుళ్లుతుంది. ఈ శ్రమకు జంకి చాలామంది దీన్ని సేకరించరు. అందువల్ల ఒక మండలం నుంచి షీటు లేదంటే అక్కడ మొక్క లేదని అర్థం కాదు. ఈ విషయాన్ని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఏ రికార్డూ లేని ఒక గుట్ట మీద, ముళ్లపొద మొదట్లో, గొర్రెల కాపరులే నాకు దీన్ని చూపించారు. లేత కాడలను వారు పచ్చిగానే నమిలి తింటారు.

కనుక మీరు వానల తర్వాత పూలు వచ్చే రోజుల్లో వెళ్లండి. పూలు లేనప్పుడు పొదల కింద కాడలు కంటికి ఆనవు. దొరికితే ఊరు, గుట్ట, నేల రకం, పూల రంగు, తేదీ రాసుకోండి. వేరుతో పెకలించకుండా ఒక్క కొమ్మ తీసుకుంటే చాలు. బరువు తగ్గించే మందుల కోసం ఈ జాతి మొక్కలకు గిరాకీ ఉంది కాబట్టి, కచ్చితమైన చోటును హెర్బేరియంవారికి మాత్రమే చెప్పి, బయట మండలం పేరుతో ఆపండి.