సర్పంచ్‌గా పోటీ చేసేవాళ్లు ఊరి సమస్యల మీద మాట ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేల జనాభా ఉన్న పంచాయతీ మాది. సర్పంచ్‌గా నిలబడదామనుకుంటున్నాను. ఒకరు నీళ్లంటారు, ఒకరు డ్రైనేజీ, ఒకరు రోడ్డు, ఒకరు పాసుపుస్తకం, ఇంకొకరు పింఛను. ఎవరికి ఏం చెప్పాలి?

జవాబు:

మీరు రాసిన ఐదింటిలో సర్పంచ్ చేతిలో ఉండేవి మొదటి మూడే. మిగతా రెండింటికీ మాట ఇవ్వకండి. పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడినా, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ జరగకుండా ఆపిన భూముల జాబితా) చిక్కుకున్నా అది రెవెన్యూ పని, ఫైలు నడిచేది తహసీల్దారు దగ్గర్నుంచి పైకి. పింఛనుకు అర్హత తేల్చేవి ప్రభుత్వ నిబంధనలు, సర్పంచ్ సంతకం కాదు. అలాగే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కం) 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. కాలువ చివరి పొలాలకు నీళ్లు అందకపోతే 1997 చట్టం కింద ఏర్పడ్డ సాగునీటి సంఘాలున్నాయి; వాటికి 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి, ఆ అధ్యక్షుడిని అడగాలి. "గెలిపిస్తే పాసుపుస్తకాలు ఇప్పిస్తా" అన్నవాళ్ల పరువు ఆర్నెల్లలో పోతుంది.

అలాగని "నా పని కాదు" అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. అర్జీ సరిగ్గా రాయించి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇప్పించి, రసీదు నంబరుతో వెంటపడతానని చెప్పండి. అంతవరకు నిజంగా చేయగలరు. ఒక అర్జీలో ఒకే సమస్య ఉండాలి. ఇరవై మంది సంతకాలతో నాలుగు సమస్యలు కలిపి రాస్తే దాన్ని ఏదో ఒక శాఖకు పంపి, ఆ ఒక్క ముక్కకు జవాబిచ్చి మూసేస్తారు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఇంతకుముందు ఇచ్చిన అర్జీ తేదీ తప్పనిసరి.

ఇక డబ్బు. ప్రచారం మొదలుపెట్టకముందే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో మీ జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని గత ఐదేళ్ల ప్రణాళికలూ ఖర్చులూ చూడండి. లాగిన్ అక్కర్లేదు. కేంద్ర నిధుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం ముందే ముడిపెట్టింది: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగతా 40 శాతమే స్థానిక అవసరాలకు, అందులోంచి కూడా జీతాలు ఇవ్వకూడదన్నారు. అంటే ఏడాదికి పది లక్షలు వచ్చిన పంచాయతీలో ఈ గ్రాంటుతో రోడ్డు వేద్దామన్నా ఆ నాలుగు లక్షల్లోనే చూసుకోవాల్సి వచ్చేది. ఊళ్లో ప్రతి వీధికీ సీసీ రోడ్డు అని కరపత్రం కొట్టించేవాళ్లు ఈ లెక్క చూసుకోరు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి కొత్త మార్గదర్శకాలు పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఈ గ్రాంటు ఆగుతుందన్నదీ గుర్తుంచుకోవాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనలో పంచాయతీలకు జరిగింది అదే.

పోర్టల్‌లో పని పేరు ఉండి వీధిలో పని కనిపించకపోతే గొడవకు దిగకండి. సమాచార హక్కు చట్టం కింద ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, ఎస్టిమేటు, బిల్లు అడగండి. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. గడువు 30 రోజులు. కాగితం చేతికి రాకముందే మైకులో "తిన్నారు" అన్నారంటే ఎన్నికల వేడిలో అది మీ మెడకే చుట్టుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం నీళ్ల మీద పెట్టండి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. మీ ఊరికి 1,10,000 లీటర్లు కావాలి. ట్యాంకు 60 వేల లీటర్లదైతే రోజుకు దాదాపు రెండుసార్లు నిండాలి. మోటారు గంటకు పది వేల లీటర్లు ఎక్కిస్తుందనుకుంటే 11 గంటలు ఆడాలి. అంతసేపు కరెంటు ఉంటోందా, బోరు అన్ని గంటలు పోస్తోందా అని పంపు ఆపరేటర్‌ని అడగండి. చాలా ఊళ్లలో కొరత ఇక్కడే తేలుతుంది, ఇంకో ట్యాంకు కట్టినా తీరదు.

నీళ్లు చాలినంత ఉండి కూడా చివరి వీధికి రాకపోతే అది వేరే జబ్బు. ఒకే సమయంలో మొదటి కుళాయి దగ్గర ఒకరు, చివరి కుళాయి దగ్గర ఒకరు ఇరవై లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. ట్యాంకు నుంచి నీళ్లు వాలుకు వస్తాయి కాబట్టి కరెంటు పోయిన పూట చివరి కుళాయి బాగా వచ్చిందంటే పైన ఇళ్లవాళ్లు కుళాయికి మోటార్లు బిగించారని అర్థం. కరెంటు పోయినా సన్నగానే వస్తే గేట్ వాల్వు చెడిందో, పైపు సైజు తక్కువో, ఎక్కడో లీకో. మొదటిదానికి గ్రామసభ తీర్మానం, కనెక్షన్ తొలగింపు నోటీసు కావాలి, ఓట్లు పోతాయని ఎవరూ ముట్టుకోరు. రెండోదానికి వీధుల్ని రెండు మూడు భాగాలు చేసి వాల్వులు బిగించి, చివరి వీధికి ముందుగా వదిలితే తక్కువ ఖర్చుతో తేలిపోతుంది. చివరి వీధి అంటే చాలాచోట్ల ఎస్సీ కాలనీనే అన్న సంగతి మీకు చెప్పక్కర్లేదు.

క్లోరినేషన్ గురించి కూడా అడగండి. మంచి బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. దాన్ని పొడిగా ట్యాంకులో గుమ్మరించకూడదు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైనున్న తేట మాత్రమే పోయాలి. అరగంట ఆగి వదలాలి. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మూత తీసి నెలలు పెట్టిన బస్తాలో ఘాటు పోతుంది, అప్పుడు ఎంత వేసినా దండగే. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో బ్లీచింగ్ దాన్ని తీసేయదు, మరిగిస్తే ఇంకాస్త చిక్కబడుతుంది. దానికి బయటి నీటి వనరో, ఫ్లోరైడ్ తీసే ప్లాంటో కావాలి, కాబట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజనీరుతో మాట్లాడకుండా హామీ ఇవ్వకండి.

రోడ్డు, డ్రైనేజీ విషయంలో జరిగే తప్పు వరుసది. ముందు పైపులైను, తర్వాత సైడు కాలువ, చివర సీసీ రోడ్డు. కంటికి కనబడుతుందని రోడ్డు ముందు వేస్తారు, ఏడాది తిరక్కుండా కుళాయి కోసం తవ్వుతారు. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఈ లెక్క చేతిలో ఉంటే కాంట్రాక్టరు మందం తగ్గించినప్పుడు అడగగలరు. కాలువకు వంద మీటర్లకు 30 నుంచి 50 సెంటీమీటర్ల వాలు చూడండి. అంతకంటే ముఖ్యం, ఆ నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయో తేల్చుకోవడం. ఎవరి పొలంలోనో వదిలేస్తే వాళ్లు అడ్డుకట్ట వేస్తారు, వీధంతా నిలవ నీరే. కాలువ కట్టేముందు ఆ రైతుతో మాట్లాడి ఇంకుడు గుంటకో వాగుకో దారి చూపించాలి.

వీధి దీపాలు చిన్న పనే. పగలూ వెలుగుతున్నాయంటే వాటిని ఆర్పడానికి విడిగా స్విచ్ వైరు లేదన్నమాట. ఇరవై వాట్ల దీపాలు వంద ఉంటే పగటి పూట 12 గంటలకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు వృథా. ఆ బిల్లు పంచాయతీదే.

ఇవన్నీ రచ్చబండ దగ్గర కూర్చుంటే తెలియవు. కుళాయి వదిలే వేళకు వెళ్లండి, అక్కడ ఉండేది ఆడవాళ్లు. డ్వాక్రా సంఘం సమావేశం రోజు పది నిమిషాలు అడిగి తీసుకోండి. కూలికి వెళ్లేవాళ్లు పొద్దున ఆరుకో రాత్రి ఏడు దాటాకో తప్ప దొరకరు. సగం స్థానాలు మహిళలకు రిజర్వు కాబట్టి మీ స్థానం మహిళకు పడి, మీ ఇంటావిడ నిలబడాల్సి వస్తే, ఈ తిరుగుడు, ఈ లెక్కలు ఆవిడే చేయాలి. రేపు బిల్లు చెల్లింపుకు డిజిటల్ సంతకం ఆవిడ పేరు మీద ఉంటుంది, తేడా వస్తే నోటీసూ ఆవిడకే వస్తుంది.

కరపత్రంలో మూడు పనులకు మించి రాయకండి. ఒక్కోదాని పక్కన ఏ వీధి, ఎన్ని మీటర్లు, ఏ నిధి, ఏ ఏడాది అని ఉండాలి. ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను అడిగితే గతంలో ఊళ్లో చేసిన అలాంటి పని ఎస్టిమేటు చూపిస్తారు, దాన్ని బట్టి ఖర్చు అంచనా వేసుకోవచ్చు. గుడికి ఇన్ని లక్షలు ఇవ్వు, ఏకగ్రీవం చేస్తాం అని ఊరి పెద్దలు బేరం పెడితే ఒప్పుకోవద్దు. పదవిని వేలం వేయడం చట్టవిరుద్ధం, పైగా ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి మిగిలేది ఈ పనుల బిల్లులే.