పేస్‌మేకర్ ఆపరేషన్‌లో రిస్క్ ఎంత? మా నాన్నగారి విషయంలో చూసింది

మీ అమ్మగారికి డెబ్బై దాటాయని, కంప్లీట్ హార్ట్ బ్లాక్ అని తేలిందని, వచ్చే వారం పేస్‌మేకర్ పెడతామన్నారని రాశారు. ప్రాణానికి ప్రమాదమా, కొన్నాళ్లు ఆగొచ్చా అని అడిగారు. మా నాన్నగారికీ ఇదే వచ్చింది. నాడి 38కి పడిపోయి, కళ్లు తిరిగి బాత్రూమ్‌లో పడిపోయారు. మీ ఇంట్లో ఇప్పుడు ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఊహించగలను.

డాక్టరు పెట్టాలన్నాక వాయిదా వెయ్యకండి. కంప్లీట్ బ్లాక్‌లో గుండె పై గదుల నుంచి వచ్చే కరెంటు కింది గదులకు అందదు. అవి సొంతంగా, నెమ్మదిగా కొట్టుకుంటూ నెట్టుకొస్తుంటాయి. అది ఎంతకాలం సాగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్‌లో ఉన్న రిస్క్ కంటే ఆగితే ఉండే రిస్కే చాలా ఎక్కువ.

ఇది గుండె కోసి చేసే ఆపరేషన్ కాదు. కాలర్ బోన్ కింద మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిన్న కోత పెట్టి, సిర గుండా లీడ్స్ అనే సన్నని వైర్లను గుండెలోకి పంపిస్తారు. గుండెకు కరెంటు ఇచ్చి కొట్టించే పేస్‌మేకర్ అనే చిన్న పెట్టెను చర్మం కిందే అమరుస్తారు. మా నాన్నగారికి డాక్టర్ల మాటలన్నీ వినపడ్డాయట. ఆ సమయంలో సూది ఊపిరితిత్తికి తగిలి దాని చుట్టూ గాలి చేరవచ్చు. చాలా అరుదుగా వైరు గుండె గోడను గుచ్చుకుంటుంది, అది మాత్రం ప్రమాదమే. అందుకే తర్వాత ఎక్స్‌రే తీసి, మానిటర్ మీద ఉంచుతారు. ఇలాంటి పరికరాలు పెట్టించుకున్నవాళ్ల మీద డెన్మార్క్‌లో చేసి 2014లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఆరు నెలల్లోపు 9.5 శాతం మందికి చిన్నదో పెద్దదో ఏదో ఒక చిక్కు వచ్చింది.

మాకు వచ్చింది హెమటోమా, అంటే పెట్టె చుట్టూ రక్తం చేరడం. అంతకుముందే స్టెంట్ వేయడంతో నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. ఇంటికొచ్చాక కుట్ల చుట్టూ చర్మం నల్లగా కమిలి, నిమ్మకాయంత ఉబ్బింది. మా ఊరి ఆర్‌ఎంపీ గారు చూసి, "ఏముందమ్మా, సిరంజితో లాగేస్తే పోతుంది" అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ డిశ్చార్జ్ రోజున సిస్టర్ గారు మా అందరినీ నిలబెట్టి మరీ చెప్పారు, ఎంత వాచినా అక్కడ సూది మాత్రం పెట్టనివ్వొద్దని. సూదితో పాటు క్రిములు లోపలికి పోతాయి. పెట్టెకు ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే ఒట్టి యాంటీబయాటిక్స్‌తో పోవడం కష్టం. సాధారణంగా పెట్టె, వైర్లు అన్నీ తీసేసి, తగ్గాక రెండో వైపు కొత్తది పెట్టాల్సి వస్తుంది. మేం వెంటనే ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్లాం. బిగుతుగా కట్టు కట్టారు, మందుల మార్పు కార్డియాలజిస్టే చూసుకున్నారు, వాపు మెల్లగా కరిగిపోయింది. అమ్మగారు రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. షుగర్ ఉంటే అదుపులో ఉందో లేదో కూడా చూపించండి, ఇన్‌ఫెక్షన్‌కి దానికీ సంబంధం ఉంది.

ఇన్‌ఫెక్షన్ నెలల తర్వాత కూడా రావచ్చు. అక్కడ ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చీము కారినా, చలిజ్వరం వచ్చినా, చర్మం పల్చబడి పెట్టె అంచు కనిపించినా ఆ రోజే వెళ్లాలి.

ఇంకొకటి, వైరు పెట్టిన చోటు నుంచి పక్కకు జరగడం. ఇది ఎక్కువగా మొదటి రోజుల్లో, వారాల్లో జరుగుతుంది. నాన్నగారి పక్క బెడ్ పెద్దావిడకి ఒకటే ఎక్కిళ్లు. ఇంట్లోవాళ్లు మంచినీళ్లు తాగిస్తూ కూర్చున్నారు. డ్యూటీ డాక్టరు వచ్చి ఈసీజీ తీయిస్తే వైరు జరిగిందని తేలింది, పెట్టె ఇచ్చే కరెంటు డయాఫ్రంకు, అంటే ఊపిరితిత్తుల కిందుండే కండరానికి, తగులుతోంది. మర్నాడు మళ్లీ సరిచేశారు. ఆగని ఎక్కిళ్లు, మళ్లీ కళ్లు తిరగడం, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

వైరు జరగకూడదనే నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఆ వైపు మోచేయి భుజం కంటే పైకి లేపొద్దంటారు. ఆడవాళ్లకి ఇది ఇంకా కష్టం. జడ వేసుకోవడం, దండెం మీద బట్టలు ఆరేయడం, పై అరలోంచి డబ్బా దించడం, అన్నీ చేయి పైకెత్తే పనులే. ఆ పనులు ఎవరు చేస్తారో ఇంట్లో ముందే అనుకోండి. ముందు వైపు హుక్స్ ఉన్న వదులు జాకెట్లు సిద్ధం చేయండి. అలాగని చేయి అసలు కదపకుండా ఉంచకూడదు. నాన్నగారు భయంతో చేతిని పొట్టకు ఆనించి అలాగే కూర్చునేవారు. భుజం పట్టేసి, తర్వాత ఫిజియోథెరపీ చేయించాల్సి వచ్చింది.

తర్వాతి జాగ్రత్తలు తేలికే. మొబైల్ పెట్టెకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, ఆన్‌లో ఉన్న ఇండక్షన్ స్టవ్‌కి రెండడుగుల దూరంలో నిలబడాలి. ఎమ్మారై అవసరమైతే పేస్‌మేకర్ కార్డు చూపించాలి. చెకప్‌లు మానకూడదు. ఏళ్ల తరబడి కింది గది నుంచే కొట్టిస్తే కొందరిలో గుండె పంపింగ్ తగ్గుతుంది, ఎకో అనే గుండె స్కాన్‌లో తెలుస్తుంది.

ఆపరేషన్‌కి ముందే, రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి నంబరు రాసుకోండి. అమ్మగారు వాడే మందుల చీటీలన్నీ, బీపీ మాత్రలతో సహా, వెంట తీసుకెళ్లండి. ఇంకేమైనా అడగాలనుంటే ఇక్కడే అడగండి, తప్పకుండా రాస్తాను.