రెండు పట్టుబడుల మధ్య ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరు. వయసు 31. ఇంట్లో నేను, నా భార్య, మూడేళ్ల పాప, అమ్మ. రెండెకరాల చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్యలు వేస్తున్నాను. మొన్న పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక మేత డీలర్ అరువు ఖాతా, లీజు, కరెంటు అన్నీ పోగా 4,20,000 రూపాయలు మిగిలాయి. ప్రోనోటు మీద తెచ్చిన 60,000 పాత బాకీ ఉంది, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇంటికి నెలకి 30,000 అవుతుంది. పక్కన ఇంకో రెండెకరాలు ఖాళీ అవుతున్నాయి. ఉన్నదంతా పెట్టి, చాలనిదానికి అదే వడ్డీ మీద ఇంకో 3 లక్షలు తెచ్చి నాలుగెకరాలూ వేద్దామనుకుంటున్నాను. ఆదివారాలు స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాను. ఒక్కొక్కరం ఒక క్యారెక్టర్‌గా కథలో సాహసాలు చేసే బల్ల ఆట అది. లీగ్ పద్ధతి కాబట్టి ఒక సాహసానికీ ఇంకోదానికీ మధ్య ఖాళీ రోజుల్లో మా క్యారెక్టర్ తిండికీ బసకీ రోజుకింత గోల్డ్ (ఆటలోని బంగారు నాణేలు) కట్టి లాగ్ షీట్‌లో రాయాలి. అది రాస్తుంటే మా ఆవిడ "కాగితం మీద మనిషికి రోజు ఖర్చు రాస్తున్నారు, మన ఇంటికేదీ?" అంది. సమాధానం చెప్పలేకపోయాను. నాలుగెకరాలు వేయమంటారా?

జవాబు: వద్దండి. ఈ పంటకి రెండెకరాలే వేయండి. మూడు లక్షల అప్పు ఆలోచన ఇవాళే మానేయండి. మీ ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికాక పక్క చెరువు సంగతి చూద్దాం.

మీ ఉత్తరం ఇక్కడ వేయడానికి కారణం ఉంది. భీమవరం నుంచి నరసాపురం దాకా, అటు కోనసీమలోనూ, చెరువుల మీద బతికే కుటుంబాలు చాలావరకు చేసే పొరపాటే ఇది. పట్టుబడి డబ్బు చేతికి రాగానే అది మొత్తం వచ్చే పంట పెట్టుబడి అనుకుంటారు. మధ్యలో ఇల్లు గడవాల్సిన రోజులకి ఆ డబ్బులో వాటా ఉండదు. పాల డబ్బులు, బడి ఫీజు, అమ్మ మందులు ఎక్కడి నుంచి వస్తాయంటే చేబదులు నుంచి, ప్రోనోటు నుంచి. మీ 60,000 బాకీ చెరువు కోసం తెచ్చింది కాదని పందెం కాస్తాను. అది ఇంట్లోకి తెచ్చిన బాకీయే అయ్యుంటుంది.

మీ ఆట నియమాలు నేనూ చదివాను. 2014 నాటి నియమావళిలో ఖాళీ రోజుల జీవనానికి మెట్లున్నాయి. దిక్కులేని బతుకుకి ఖర్చు సున్నా. మురికివాడలో ఉంటే రోజుకి ఒక సిల్వర్, పేదగా బతికితే రెండు. సాదాసీదాగా బతికితే ఒక గోల్డ్, కాస్త సుఖంగా అయితే రెండు, ధనికుడిగా అయితే నాలుగు, ప్రభువులా అయితే పది నుంచి మొదలు. పది సిల్వర్‌లైతే ఒక గోల్డ్. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. సాహసం లేని రోజుకి కూడా ఖర్చు ఉంటుందని ఆ ఆట ఒప్పుకుంటుంది. సున్నా ఖర్చుతో బతకొచ్చు, కానీ అప్పుడు తలమీద కప్పు ఉండదని కూడా చెబుతుంది. మన చెరువు లెక్కల్లో నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ డీజిల్‌కి గడి ఉంటుంది, మినరల్స్‌కి గడి ఉంటుంది, ఇంటి బియ్యానికి మాత్రం ఉండదు.

మీ ఇంటికి నెలకి 30,000 అంటే రోజుకి వెయ్యి రూపాయలు. మీ ఇంటి సాదాసీదా బతుక్కి ఒక గోల్డ్ అంటే ఆ వెయ్యి అనుకోండి. అలా చూస్తే మీ చేతిలో ఉన్నది 4,20,000 రూపాయలు కాదు, 420 రోజులు. ఇప్పుడు ఆ రోజులు లెక్కపెడదాం.

చెరువు ఎండగట్టి, దున్ని, నీళ్లు పెట్టి, సీడ్ (రొయ్య పిల్లలు) వదలడానికి నెలన్నర. పంట నాలుగు నెలలు. అంటే మళ్లీ డబ్బు కనిపించేసరికి ఐదున్నర నెలలు, 165 రోజులు. ఆ 1,65,000 ఇంటిది. దాన్ని చెరువు వైపు చూడనివ్వకండి. ఇది అత్యవసర నిధి కాదు, మామూలు ఖర్చే. చాలామంది దీన్నే అత్యవసర నిధి అనుకుని పొరబడతారు.

ఇక అసలు నిధి. నలభయ్యో రోజున తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు ఖాళీ చేయాల్సి వస్తే? ఇంకో ఆర్నెల్లు గడవాలి. అంటే 180 రోజులు, 1,80,000. నెల జీతం వచ్చేవాళ్లకి మూడు నెలల ఖర్చు చాలనేవాళ్లున్నారు. పంట మీద బతికే ఇంటికి ఆర్నెల్లకి తగ్గితే నేను ఒప్పుకోను. రెండూ కలిపితే 3,45,000. మిగిలేది 75,000. అందులోంచి ప్రోనోటు బాకీ 60,000 ఈ వారంలోనే కట్టి కాగితం వెనక్కి తీసుకోండి. నెలకి 1,800 వడ్డీ ఆగిపోతుంది. మిగతా 15,000 కుటుంబ ఆరోగ్య బీమాకీ మీ పేరున టర్మ్ జీవిత బీమా పాలసీకీ. దీనికి కూడా వాయిదా వద్దు.

"మరి చెరువుకి పెట్టుబడి?" అంటారు. ఇన్నాళ్లూ నడిచినట్టే రెండెకరాలకి మేత డీలర్ ఖాతా మీద నడుస్తుంది. ఆ పద్ధతి నాకు ఇష్టం లేకపోయినా ఈ పంటకి మార్చలేం. సీడ్‌కీ లీజు మొదటి వాయిదాకీ డబ్బు తక్కువైతే ఎకరమే వేయండి. ఇంటి రోజులు మాత్రం కోయకండి.

మూడు లక్షల అప్పు గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. నెలకి 9,000. పట్టుబడి అయ్యేసరికి 49,500 వడ్డీయే. ఆ తొమ్మిది వేలు మీ ఇంటి తొమ్మిది రోజుల ఖర్చు, ప్రతి నెలా. నాలుగెకరాలైతే రిస్క్ పంచుకున్నట్టు అనుకుంటున్నారేమో, అది కూడా నిజం కాదు. పక్కపక్క చెరువులు, ఒకటే కాలువ నీళ్లు, అవే పీతలు, అవే కొంగలు. మొదటి చెరువులో తెల్లమచ్చ వస్తే రెండోది తప్పించుకుంటుందన్న నమ్మకం లేదు. ధర పడినా రెండింటికీ ఒకేసారి పడుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మీ చెరువు గట్టు మీద ఏం జరిగిందో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇంటి ఖర్చు చేతిలో ఉంటే ఇంకో లాభం ఉంది. ఇది మీలాంటి రైతులు చెబితేనే నాకు అర్థమైంది. 60 కౌంట్‌లో (కిలోకి 60 తూగేలా) ఉన్న రొయ్య ఇంకో రెండు వారాలు ఉంటే 50కి దిగొచ్చు, ధర మారొచ్చు. కానీ ఇంట్లో డబ్బు లేనివాడు ఆగలేడు. అప్పిచ్చినవాడు ఫోన్ చేసిన రోజే వల దింపుతాడు. ఆ రెండు వారాలు ఆగగలగడానికి మీకు కావాల్సింది 14,000 రూపాయలే.

ఉత్తరంలో ఇక్కడ వేయని భాగంలో మీరు మీ క్యారెక్టర్ సంగతి కూడా రాశారు. 1,540 గోల్డ్ చేరగానే 1,500 పెట్టి ప్లేట్ కవచం కొన్నారు. మిగిలిన 40లో ముప్పై రోజుల బతుక్కి 30 పోయింది. చేతిలో పది. గాయం మాన్పే పోషన్ యాభై. పోషన్ లేకుండానే తర్వాత సాహసానికి వెళ్లి మొదటి పోరులోనే పడిపోయారు. "కవచం మంచిదే, కానీ తొందరపడ్డాను" అని మీరే రాశారు. పక్కనున్న రెండెకరాలు కూడా ఆ కవచం లాంటివే. చెడ్డవి కావు, ఇప్పుడు కొనాల్సినవి కావు. మీ బల్ల దగ్గర క్యారెక్టర్లు అప్పులు తీసుకోకూడదనే నియమం పెట్టుకున్నారట. ఆ నియమం ఇంటికి కూడా తీసుకెళ్లండి.

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపానులో మా నాన్న కొబ్బరితోట చాలావరకు పడిపోయింది. మాకు భూమి ఉంది, పేరుంది, పరువుంది. ఇంట్లో నెలకి సరిపడా డబ్బు లేదు. ఉన్నదంతా ఆ వేసవిలోనే పక్క ఎకరం మీద పెట్టారు. బియ్యం కోసం ఊళ్లో ఒకాయన దగ్గర నూటికి ఐదు రూపాయలకి అప్పు చేశారు. చెట్టు నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది, వడ్డీ మాత్రం నెలనెలా కాస్తుంది. కొన్న ఎకరం మూడేళ్లలో అమ్మేశాం. అమ్మ గాజులు కూడా. ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండి ఉంటే ఆ అప్పు చేసేవాళ్లం కాదు.

మీ ఆటలో ఖాళీ రోజుల్లో తనకొచ్చిన వృత్తి చేసుకునేవాడికి సాదాసీదా బతుకు ఖర్చు లేకుండా గడుస్తుంది. మీరు లీజుకి ముందు నీటి పరీక్షల ల్యాబ్‌లో చేశానని కూడా ఆ భాగంలోనే రాశారు కదా. చెరువు ఎండే నెలన్నర అక్కడే అడగండి, నెలకి 15,000 ఇచ్చినా ఇంటి ఖర్చు సగం వాళ్లదే.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే, 1,65,000 మీ ఇద్దరి జాయింట్ పొదుపు ఖాతాలో, 1,80,000 విడివిడిగా ఆరు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో. చీటీ వద్దు, బంగారం వద్దు, షేర్లు ఈ డబ్బుతో అసలే వద్దు. చెరువు ఖాతాకి ఏటీఎం కార్డు మీ దగ్గర ఉంచుకుని, ఇంటి ఖాతా కార్డు మీ ఆవిడకి ఇవ్వండి. లాగ్ షీట్ లాంటిదే ఒకటి గీసి వంటింటి తలుపు వెనక అంటించండి: తేదీ, ఖర్చు, మిగిలిన రోజులు. సంక్రాంతికి బట్టలు, పిండివంటలు, అల్లుళ్ల మర్యాదలు వేరే వరసలో రాయండి. కోడిపందేలకి ఆ షీట్‌లో గడి పెట్టకండి. వచ్చే పట్టుబడి అయ్యాక ఇంకో ఉత్తరం రాయండి, ఆ షీట్ ఫోటో తీసి జతచేయండి. అప్పటికి తలుపు వెనక 180 రోజులు చెక్కుచెదరకుండా ఉంటే పక్క రెండెకరాల లీజు కాగితం ఇద్దరం కలిసి చదువుదాం.