పండక్కి ట్రక్కులో వస్తానన్నావట

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. నువ్వు 1971 షెవర్లే సీ10 కొన్నావని, ఎవరో కిందికి దించి పెద్ద చక్రాలు వేసిన బండని, దసరాకి డాలస్ నుంచి మా ఇంటికి దాన్లోనే వస్తానంటున్నావని చెప్పాడు. నన్ను ఆపమన్నాడు. నేను ఆపను. ఉద్యోగం రాగానే అందరూ కొనే కార్లు కాకుండా యాభై ఏళ్లు దాటిన ట్రక్కు కొన్నావంటే, ఈ ఇంట్లో ఇంకొకడికి నా పిచ్చి పట్టిందని సంతోషమే. కానీ నువ్వు పంపిన వీడియో చూశాక నిద్ర పట్టలేదు. స్టీరింగ్ అంతంత అటూ ఇటూ తిప్పుతుంటే బండి తన మానాన తను పోతోంది, ఎడమ చక్రం గుంతలో పడగానే పక్క లేన్‌లోకి దూకబోయింది. పైగా ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని తీశావు ఆ వీడియో! దాని సంగతి వచ్చాక మాట్లాడతాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. స్టీరింగ్ తిప్పుడుని చక్రాల వైపు పంపే గేర్ల డబ్బా ఉంటుంది, స్టీరింగ్ బాక్స్ అంటారు. దాని మీద చిన్న స్క్రూ, దానికి లాక్ నట్టు ఉంటాయి. ఆ స్క్రూని ముట్టుకోకు. యూట్యూబ్‌లో ఎవడైనా పావు తిప్పు తిప్పితే ప్లే, అంటే స్టీరింగ్ లూజు, పోతుందని చెప్తే, వాడి మాట వినకు.

ఎందుకు చెప్తున్నానంటే, మీ నాన్న ఆ పని చేశాడు. నీకు చెప్పి ఉండడు. ఎనభైల చివర్లో వాడు కంపెనీ పని మీద హ్యూస్టన్ వచ్చి నా దగ్గరే ఉన్నాడు. అప్పుడు నా దగ్గర ఉన్నదీ సీ10నే, 1969ది. స్టీరింగ్ బాగా లూజుగా ఉండేది, నేను ఎప్పటికప్పుడు వాయిదా వేస్తున్నాను. ఒక శనివారం నేను పనికెళ్లినప్పుడు నన్ను సంతోషపెడదామని మీ నాన్న పానా తీసుకుని లాక్ నట్టు వదులు చేసి ఆ స్క్రూ బిగించాడు. ప్లే తగ్గింది. ఇంకాస్త బిగించాడు, పూర్తిగా పోయింది. సాయంత్రం నేను రాగానే మొహం వెలిగిపోతూ తాళం చేతికిచ్చి, "అన్నయ్యా, కొత్త బండి అయింది చూడు" అన్నాడు. వీధిలో ఒక రౌండ్ వేశాం, నిజంగా బిగువుగా బాగుంది. సరే అని గాల్వెస్టన్ బయల్దేరాం, తనే నడుపుతానన్నాడు.

ఆ బాక్స్ లోపల తయారీలోనే చక్రాలు నేరుగా ఉన్న చోట పళ్లు కొంచెం బిగువుగా పడేలా పెడతారు. పక్కలకి తిప్పితే కాస్త వదులవుతుంది. అక్కడ ఇంకా బిగిస్తే సరిగ్గా మధ్యలోనే పట్టేస్తుంది. మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ వెనక్కి రాదు, మనమే లాగాలి. హైవే మీద మీ నాన్న కొంచెం ఎడమకి తిప్పితే అది అక్కడే ఆగిపోతోంది, కుడికి లాగితే కుడికి ఆగిపోతోంది. బండి పాములా పోతోందని నేను అరుస్తున్నాను, వాడు చెమటలు కక్కుతున్నాడు. ఎగ్జిట్ తీసుకుని హైవే పక్కనుండే ఫీడర్ రోడ్డు ఒంపులో తిప్పాడు. తిరిగింది, ఇక వెనక్కి రాలేదు. గడ్డిలోంచి జారి కాలవలో దిగాం. ఎవరికీ ఏమీ కాలేదు, కాలవలో నీళ్లు కూడా లేవు. కానీ మీ నాన్న స్టీరింగ్ వదలకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు. అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు, మీ అమ్మ ఇంకా గుంటూరులోనే ఉంది. ఆమెకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను, నువ్వు మాత్రం వాడి దగ్గర ఎత్తకు.

తర్వాత బండి కిందికి దూరి చూస్తే, అసలు లూజంతా స్టీరింగ్ కాలమ్‌నీ బాక్స్‌నీ కలిపే రబ్బరు బిళ్లలో ఉంది. దాన్ని రాగ్ జాయింట్ అంటారు. చిరిగి పీచు పీచు అయిపోయింది. రెండోది స్టీరింగ్ కడ్డీల్ని కుడి పక్కన మోసే ఐడ్లర్ ఆర్మ్, చేత్తో పట్టుకుంటే కిందికీ మీదికీ ఊగుతోంది. నొప్పి ఒక పన్నుకైతే పక్క పన్ను పీకినట్టయింది. ఆ బిగింపుకి బాక్స్ కూడా పాడై, జంక్‌యార్డ్ నుంచి ఇంకోటి తేవాల్సి వచ్చింది.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. బండి నేల మీదే ఉంచు, వెనక చక్రాలకి అడ్డు పెట్టు. నీది పవర్ స్టీరింగ్ కదా, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, గేరు పార్క్‌లో ఉంచి, నీ రూమ్మేట్‌ని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ రెండంగుళాలు అటూ, రెండంగుళాలు ఇటూ కదుపుతూ ఉండమను. నువ్వు టార్చి పట్టుకుని పైనుంచి మొదలుపెట్టి చూడు, ఫ్యాన్ బెల్టుకి చెయ్యి దూరంగా పెట్టు. రాగ్ జాయింట్ పై భాగం కదిలి కింది భాగం కదలకపోతే దొంగ అక్కడే. అది బాగుంటే బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ చూడు, తర్వాత బాక్స్ కింద తిరిగే పిట్‌మన్ ఆర్మ్, దాన్నీ ఐడ్లర్‌నీ కలిపే సెంటర్ లింక్, ఐడ్లర్, చక్రాల్ని తిప్పే టై రాడ్ ఎండ్లు. ఒక్కో జాయింట్ మీద వేలు పెడితే కంటికి కనపడని కొట్టుడు కూడా వేలికి తెలుస్తుంది. బాక్స్ ఫ్రేమ్‌కి బిగించిన బోల్టుల చుట్టూ తుడిచి చూడు. అక్కడ సన్నటి పగులు ఉంటే ఎన్ని కొత్త పార్టులు వేసినా దండగే.

తర్వాత చక్రాలు లేపి ఊపు. జాకీ చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ కింద పెట్టాలి, ఫ్రేమ్ కింద కాదు. ఈ బండిలో స్ప్రింగ్ బరువంతా ఆ ఆర్మ్‌నీ చక్రాన్నీ కలిపే కింది బాల్ జాయింట్ మోస్తుంది, ఆ బరువు తీస్తేనే దాని లూజు బయటపడుతుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, వీల్ బేరింగు లూజు తెలుస్తుంది. పక్కలు పట్టుకుని ఊపితే టై రాడ్. వీల్ బేరింగు నట్టు చక్రం తిప్పుతూ కొద్దిగా బిగించి, మళ్లీ కాస్త వదులు చేసి, నట్టు ఊడకుండా కొత్త కాటర్ పిన్ వేయాలి. గట్టిగా బిగిస్తే దార్లోనే కాలిపోతుంది.

గుంతలో దూకడం వేరే రోగం. ముందు స్ప్రింగులు చూడు. చివర గ్యాస్ కట్టర్‌తో కోసిన నల్లటి మరక ఉంటే, అమ్మినవాడు పైసా ఖర్చు లేకుండా దించాడన్నమాట. అలా దించితే కింది ఆర్మూ టై రాడ్డూ కోణాలు మారిపోయి, చక్రం లేచినప్పుడల్లా నువ్వు తిప్పకుండానే అది కొంచెం తిరుగుతుంది. బంప్ స్టీర్ అంటే అదే. కోసిన స్ప్రింగులు తీసేసి మామూలువి వేయి, దించాలనుంటే రెండున్నర అంగుళాల డ్రాప్ స్పిండిల్స్, అంటే చక్రం బిగించే ఇరుసు పైకి జరిగి ఉండేవి, వేసుకో. ఆర్మ్‌లు కంపెనీ కోణంలోనే ఉంటాయి, బండి మాత్రం దిగుతుంది. చక్రాల వెనక వాటిని బయటికి నెట్టే స్పేసర్లు ఉంటే పీకి పారేయి. వెనక ఇరుసు పక్కకి జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ పొడవు మార్చుకునేది కాకపోతే, దించినప్పుడు ఇరుసు ఒక పక్కకి జరిగి ఉంటుంది, టైరుకీ ఫెండర్‌కీ మధ్య రెండు పక్కలా కొలిచి చూడు.

స్ప్రింగ్ పని మాత్రం ఒక్కడివే చేయకు. ఈ మాట రెండుసార్లు చదువు. నొక్కి ఉన్న స్ప్రింగ్ ఎగిరితే మనిషి మిగలడు. ఫ్రేమ్‌కీ స్ప్రింగ్‌కీ కలిపి గొలుసు కట్టాలి, జాకీ మెల్లగా దించాలి, తల ఎప్పుడూ దాని ఎదురుగా ఉండకూడదు. జాకీని నమ్మి బండి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. ఇదంతా తలనొప్పి అనిపిస్తే గ్యారేజీకి ఇచ్చెయ్, డబ్బు నేనిస్తాను. నీకు నామోషీ అయితే అప్పనుకో.

పార్టులన్నీ అయ్యాకే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం. షాపువాడు పాత పుస్తకం చూసి చేస్తానంటాడు, ఆ కొలతలు అప్పటి పాత రకం బయాస్ టైర్లవి. క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) మూడు నుంచి ఐదు డిగ్రీలు పాజిటివ్ కావాలని, రెండు పక్కలా సమానంగా ఉండాలని, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) అంగుళంలో పదహారో వంతు చాలని చెప్పు. పై ఆర్మ్ దగ్గర షిమ్ములు అనే సన్నటి రేకులు మార్చే ఓపిక లేనివాడైతే ఇంకో షాపు చూసుకో. టైరు పక్కన డీఓటీ నంబరు చివరి నాలుగంకెలు చదువు, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మెరిసే టైరు కూడా ముసలిదై ఉండొచ్చు.

2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. అంటే నీ బండి కిందికి దూరి చూసేవాడు నువ్వు తప్ప ఇంకెవడూ లేడు. నా భయమంతా అదే, మీ పెద్దమ్మ చాదస్తం అంటే అననీ.

హ్యూస్టన్‌కి రెండొందల నలభై మైళ్లు. దానికి ముందు రెండు వారాలు ఊళ్లోనే తిప్పు. బయల్దేరాక మాడిసన్‌విల్‌లో బక్కీస్ పెట్రోల్ బంకు దగ్గర ఆగి ముందు చక్రాల హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడు. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడే ఉండి ఫోన్ చెయ్, నేను ట్రైలర్ వేసుకుని వస్తాను, ఏ టైమైనా సరే. ముందు ఆ రాగ్ జాయింట్ వీడియో తీసి పంపు, ఈసారి ఫోన్ రూమ్మేట్ చేతికిచ్చి.

పెదనాన్న