రాక్ బ్యాండ్లకు గ్రామీ (అమెరికాలో సంగీతానికి ఇచ్చే అవార్డు) నామినేషన్ వస్తే దానికి నిజంగా విలువ ఉందా?

ఉంది. అవార్డుకు లేదు, నామినేషన్‌కు ఉంది. చాలామంది దీన్ని తిరగేసి చెబుతారు. "నామినేషన్ ఎవరికైనా వస్తుంది, గెలిస్తేనే గొప్ప" అంటారు. పాతికేళ్లుగా నేను దీనికి ఎదురు వాదిస్తూనే ఉన్నాను.

1998లో హన్మకొండ నక్కలగుట్టలో ముగ్గురం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. మా రూమ్మేట్ ఒకడు కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు. వాళ్ల మేనమామ బొంబాయిలో ఉండేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా క్యాసెట్లు తెచ్చేవాడు. అప్పట్లో చౌరస్తా దగ్గర రికార్డింగ్ సెంటర్లో ఏ సినిమా పాటలు అడిగినా సాయంత్రానికల్లా ఖాళీ క్యాసెట్‌లో నింపి ఇచ్చేవాళ్లు. మెటాలికా అనే అమెరికన్ బ్యాండ్ పాటలు కావాలంటే మాత్రం "అది ఏ సినిమా?" అని అడిగేవాళ్లు. ప్రపంచంలో ఎన్ని బ్యాండ్లు ఉన్నాయో, వాటిలో ఏది వినాలో చెప్పే మనిషి మాకు ఊళ్లో ఎవరూ లేరు.

అలాంటప్పుడు ఆ మామ తెచ్చిన ఒక పాత ఇంగ్లిష్ పత్రికలో 1989 గ్రామీ కబుర్లు కనబడ్డాయి. ఆ ఏడాదే మొదటిసారి హార్డ్ రాక్, మెటల్ (రాక్‌లోనే గిటార్ల హోరు ఎక్కువగా ఉండే రకాలు) రెండింటికీ కలిపి ఒక విభాగం పెట్టారు. నామినేషన్లు ఐదు: మెటాలికా, ఏసీ డీసీ, ఇగ్గీ పాప్, జేన్స్ అడిక్షన్, జెత్రో టల్. మావాడు ఆ ఐదు పేర్లనూ లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాడు. అందులో మేం విన్నవి రెండే. మిగతా మూడూ ఎలాగైనా సంపాదించాలని ఆ రాత్రే అనుకున్నాం.

తర్వాత జరిగిన కథ రాక్ వినేవాళ్లందరికీ తెలిసిందే. ఆ ఫిబ్రవరి 22న మెటాలికా అదే వేదిక మీద "వన్" అనే పాట వాయించింది. గెలిచేది వాళ్లేనని అందరూ అనుకున్నారు. జెత్రో టల్‌ను అయితే వాళ్ల రికార్డు కంపెనీయే "మీరు వెళ్లక్కర్లేదు" అని ఆపేసింది. తీరా కవరు విప్పితే జెత్రో టల్ పేరు వచ్చింది. తీసుకోవడానికి హాల్లో వాళ్లు లేరు. ఫ్లూట్ వాయించే బ్యాండ్‌కు మెటల్ అవార్డా అని మేం తొమ్మిదేళ్ల తర్వాత, ఇంత దూరంలో కూర్చుని మండిపడ్డాం. అప్పటికి జెత్రో టల్ పాట ఒక్కటి కూడా వినలేదు.

రెండు నెలలకు మామ ఆ అవార్డు గెలిచిన ఆల్బమ్ తెచ్చాడు. తొంభై నిమిషాల క్యాసెట్ మీద బాల్‌పెన్నుతో "క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్" అని రాసి ఉంది. టేపు కాస్త వదులైతే పెన్సిల్ దూర్చి తిప్పి బిగించాం. రాత్రి కరెంటు వచ్చాక పెట్టాం. "బుడాపెస్ట్" అనే పాట ఉంది అందులో, పది నిమిషాల పాట. అది నడుస్తుండగా కింద ఉండే ఇంటి ఓనర్ తాత మెట్లెక్కి వచ్చాడు. సౌండ్ తగ్గించమంటాడేమోనని నేను నాబ్ మీద చెయ్యి వేశాను. ఆయన ఆజంజాహి మిల్లులో పనిచేసినవాడు. మిల్లు పని మానేశాక పెళ్లిళ్ల బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేవాడు. గడప మీదే నిలబడి విన్నాడు.

"ఎవడు బిడ్డా గీ పిల్లనగ్రోవి? ఊదుకుంటనే లోపట గొంతు కలుపుతున్నడు జూడు."

అంతవరకూ మాకెవరికీ ఆ సంగతి పట్టలేదు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాం. నిజమే, జెత్రో టల్‌లో ఫ్లూట్ వాయించే ఇయాన్ ఆండర్సన్ ఫ్లూట్‌లోకి ఊదుతూనే గొంతుతో గురగురలాడిస్తాడు, ఊపిరి చప్పుడు కూడా దాచడు. తాత అరగంట కూర్చున్నాడు. వెళ్తూ "రేపు మళ్ల వెట్టు" అన్నాడు.

అది మెటల్ కాదు, ఆ విషయంలో నా మాట ఇప్పటికీ మారలేదు. ఆ అవార్డు తప్పే. మెటల్ జన్మలో విననివాళ్లు కూడా ఓటేస్తే ఎప్పటినుంచో తెలిసిన పేరు పక్కనే టిక్కు పడుతుంది. మరుసటి ఏడాదే హార్డ్ రాక్‌ను, మెటల్‌ను విడదీశారు, "వన్"కే మెటాలికాకు గ్రామీ ఇచ్చారు. తప్పు జరిగిందనడానికి ఇంకేం కావాలి? గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్‌కు బతికుండగా ఒక్క గ్రామీ ఇవ్వలేదు. లెడ్ జెప్లిన్ బ్యాండ్ 1980లో విడిపోయింది, పోటీలో గ్రామీ గెలిచింది 2014లో. ఇలాంటి లెక్క పట్టుకుని ఎవరు గొప్పో తేలుస్తామంటే నేను ఒప్పుకోను. కాలేజీ ఫెస్టుల్లోనూ ఇదే జరిగేది. సొంతంగా ట్యూన్ కట్టుకొచ్చినవాడిని పక్కన పెట్టి, ఆ నెల హిట్ పాట పాడినవాడికి కప్పు ఇచ్చేవాళ్లు. మా డ్రమ్మర్ ఆ కోపంతోనే వాయించడం మానేశాడు. మంచి చెయ్యి వాడిది. నాకు ఆ బాధ ఇంకా పోలేదు.

కానీ ఆ నోట్‌బుక్‌లో ఐదు పేర్లు లేకపోతే నేను జేన్స్ అడిక్షన్ వినేవాడిని కాదు, తాత ఆ ఫ్లూట్ వినేవాడు కాదు. ఇప్పుడు ఫోన్లో అన్నీ ఉన్నాయి నిజమే, కానీ నిన్న విన్నదాన్నే అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ వినిపిస్తుంది. నాకు సంబంధం లేని నాలుగు పేర్లను నాకు నచ్చిన పేరు పక్కన పెట్టే పని నామినేషన్ల లిస్టు ఒక్కటే చేస్తోంది.

2023 జనవరిలో "నాటు నాటు" పాటకు ఆస్కార్ నామినేషన్ వచ్చినప్పుడు కూడా నాకు అదే అనిపించింది. అందరూ మార్చిలో అవార్డు వచ్చిన రోజు గుర్తుపెట్టుకున్నారు, నేను జనవరి రోజే గుర్తుపెట్టుకున్నాను. ఆ పాట రాసిన చంద్రబోస్‌ది మా పాత వరంగల్ జిల్లాలోని చల్లగరిగె. 1995 నుంచి సినిమా పాటలు రాస్తున్నాడు, ఆయన మంచి కవి అని మాకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదు. నేను లిస్టులో మిగతా నాలుగు పాటలు చూశాను. ఒకదాని కింద డేవిడ్ బర్న్ పేరు ఉంది. టాకింగ్ హెడ్స్ అనే రాక్ బ్యాండ్‌లో పాడిన డేవిడ్ బర్న్! చల్లగరిగె మనిషి పేరు, ఆయన పేరు ఒకే లిస్టులో!

వెంటనే కాజీపేట మిత్రుడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు పుణెలో ఉంటాడు. టాకింగ్ హెడ్స్ ఎప్పుడూ వినలేదన్నాడు. ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలో చెప్పమని, పెన్ను తీసుకుంటున్నా ఆగమన్నాడు.