అక్యూట్ అంటే తీవ్రమేనా?

ప్రశ్న: మా నాన్నగారి డిశ్చార్జి కాగితంలో ‘మైల్డ్ అక్యూట్ పాంక్రియాటైటిస్’ అని రాశారు. నిఘంటువులో మైల్డ్ అంటే స్వల్పమైన అని, అక్యూట్ అంటే తీవ్రమైన అని ఉంది. రెండూ ఒకే జబ్బుకు ఎలా పొసుగుతాయండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పొసుగుతాయి. వైద్యంలో అక్యూట్ అనేది జబ్బు ఎంత పెద్దదో చెప్పే మాట కాదు, ఎలా వచ్చిందో చెప్పే మాట. ఉన్నట్టుండి మొదలై, కొద్దికాలంలోనే అటో ఇటో తేలేది అక్యూట్. నెలలు, ఏళ్ల తరబడి వెంటాడేది క్రానిక్. మీ నాన్నగారికి క్లోమం వాపు హఠాత్తుగా వచ్చింది కనుక అక్యూట్. కిడ్నీలు, ఊపిరితిత్తుల వంటివి దెబ్బతినలేదు, ఇతర చిక్కులూ రాలేదు కనుక మైల్డ్.

2003లో ప్రపంచాన్ని వణికించిన సార్స్ పూర్తి పేరు చూడండి: సివియర్ అక్యూట్ రెస్పిరేటరీ సిండ్రోమ్. అక్యూట్ అంటేనే తీవ్రమైతే ముందు మళ్లీ సివియర్ ఎందుకు?

కాలం గీత జబ్బును బట్టి మారుతుంది. పెద్దవాళ్లలో దగ్గు 3 వారాల లోపుంటే అక్యూట్, 8 వారాలు దాటితే క్రానిక్, ఆ మధ్యది సబ్ అక్యూట్. హెపటైటిస్ బికి గీత 6 నెలల దగ్గర ఉంటుంది. ఈ లెక్కన నిన్న మొదలైన చిన్న దగ్గు కూడా అక్యూటే. అలాగని ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, గుండెపోటు కూడా అక్యూటే మరి. ఎంత ప్రమాదమో తెలియాలంటే పక్కన మైల్డ్ ఉందా, సివియర్ ఉందా అని చూడాలి. ‘అక్యూట్ ఆన్ క్రానిక్’ అని ఉంటే, పాత జబ్బే ఒక్కసారిగా ఎగదన్నిందని.

ప్రశ్న: ఈ మాటకు అసలు అర్థం ‘వాడి’ అని పిల్లలకు చెప్పాను. అయితే ‘అక్యూట్ నైఫ్’ అనవచ్చా అని ఒకడు అడిగాడు.
– ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: అనకూడదు. కత్తికి షార్ప్, కాస్త గ్రాంథికంగా కావాలంటే కీన్. లాటిన్‌లో దీని మూలం ‘పదును పెట్టు’ అనే క్రియ. సూదికి వాళ్లు పెట్టుకున్న ‘అకుస్’ అనే పేరూ ఆ కుటుంబానిదే. ఆ మొన ఇంగ్లిష్‌లో కళ్లకు కనబడేది ముఖ్యంగా రేఖాగణితంలో. జామెట్రీ బాక్సులోని 30–60 మూలమట్టం తీసి 30 డిగ్రీల కొనను వేలికి ఆనించమనండి, గుచ్చుకుంటుంది. మనం అల్పకోణం అన్నప్పుడు కొలతను చూశాం, లాటిన్‌వాళ్లు మొనను చూశారు.

మిగతాచోట్ల ఈ మాట బుద్ధికీ, ఇంద్రియాలకూ, ఇబ్బందులకూ అంటుకుంటుంది. అక్యూట్ మైండ్ అంటే మన కుశాగ్రబుద్ధి. వాళ్ల సూదిలాగే మన దర్భకొన! అక్యూట్ హియరింగ్‌కు ‘పాముచెవులు’ అనడం నాకు మహా ఇష్టం. అక్యూట్ వాటర్ షార్టేజ్‌ను పత్రికలు ‘తీవ్ర నీటి కొరత’ చేస్తాయి. తప్పు కాదు, ఇక్కడ తీవ్రమే అర్థం. కానీ ‘నీటి కటకట’ ఉండగా అదెందుకు?

దీని నామవాచకాల్లో అక్యుయిటీ కంటివైద్యుల దగ్గర వినబడుతుంది. చూపు 6/12 అంటే, మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గరికొస్తేగాని చదవలేరని.

ప్రశ్న: క్యూట్‌కూ దీనికీ చుట్టరికం ఉందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: చుట్టరికమేమిటి, తల తెగిన అక్యూటే క్యూట్. 18వ శతాబ్దంలో క్యూట్ అంటే చురుకైన, గడుసైన అని. ముద్దొచ్చే అన్న అర్థం తర్వాత అమెరికాలో కలిసింది. పలికేటప్పుడు ఊనిక ‘క్యూ’ మీద పడుతుంది, ముందున్న ‘అ’ వినీవినబడనట్టు ఉంటుంది. రాలిపోయింది అదే. మనవాళ్లు ‘ఎక్యూట్’ అని మొదటి అక్షరాన్ని ఒత్తి పలుకుతారు కనుక ఆ పోలిక మన చెవికి అందదు.