స్టేషనరీ ఒకటా, రెండా?

సందేహం: చెన్నై జార్జిటౌన్‌లో కాగితాల దుకాణం పెడుతున్నాం. బోర్డు మీద ఇంగ్లీషులో ‘స్టేషనరీ’ రాస్తూ పెయింటరు ‘ఆర్’కు ముందు ‘ఏ’ పెట్టాడు. అక్కడ ‘ఈ’ ఉండాలని మా అబ్బాయి అంటున్నాడు. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం కదా, తేడా ఏమిటి? దీనికి తెలుగు మాట ఉందా?

సమాధానం: మీ అబ్బాయి చెప్పిందే ఒప్పు. రంగు ఆరకముందే దిద్దించండి. ‘ఈ’ ఉంటే కాగితాలు, కలాలు, కవర్లు. ‘ఏ’ ఉంటే కదలకుండా నిలిచి ఉన్నది అని అర్థం. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీకి ‘ఏ’ కావాలి. ‘ఈ’ పెడితే అది కాగితాల లోడు లారీ అవుతుంది. ఇప్పుడున్న బోర్డు ప్రకారం మీది కదలని దుకాణం. అదీ అబద్ధం కాదనుకోండి!

నిజానికి ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. మధ్యయుగపు ఐరోపాలో చాలామంది వర్తకులు ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలమ్మేవారు మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చునేవారు. అందుకే వారిని లాటిన్‌లో ‘స్టేషనారియస్’ అన్నారు. అదే ఇంగ్లీషులో ‘స్టేషనర్’ అయింది. లండన్‌లో వీరి సంఘం 1403లోనే ఏర్పడింది. మన మాటల్లో చెప్పాలంటే మీ జార్జిటౌన్ ఆండర్సన్ వీధిలోని కాగితాల కొట్లు స్థావరం, తోపుడు బండి మీద పెన్నులమ్మే మనిషి జంగమం. పోలిక నా కల్పన కాదు: ‘స్థావరం’లోని ‘స్థా’ ధాతువూ, ఆ లాటిన్ మాట మూలమూ దాయాదులే.

గుర్తుకు ‘పేపర్‌లో ఈ ఉంది’ అని బడిలో చెబుతారు. పేపర్‌లో ‘ఏ’ కూడా ఉందిగా అని గడుసు పిల్లవాడు అడిగితే పంతులుగారి పని అంతే. బేకర్ అమ్మేది బేకరీలో, స్టేషనర్ అమ్మేది స్టేషనరీ అనుకోండి. ‘ఈ’ తనంతట తానే వస్తుంది. టెంపరరీ, ప్రైమరీ లాంటి విశేషణాల వరుసలోది ‘ఏ’.

తెలుగులో పలికినట్టే రాస్తాం కనుక ఈ చిక్కు లేదు. నిఘంటువులు ‘లేఖన సామగ్రి’ అంటాయి. నాకది కాస్త బరువు. తమిళులు చక్కగా ‘ఎళుదుపొరుళ్’ అన్నారు, ప్రభుత్వ శాఖ పేరులోనూ అదే పెట్టుకున్నారు. మనకు ‘రాత సామగ్రి’ చాలు. బోర్డు మీద ‘స్టేషనరీ’ ఉంచి, కింద ఇదీ రాయించండి. ‘సామాగ్రి’ అని దీర్ఘం పెట్టవద్దని మాత్రం పెయింటరుకు ముందే చెప్పండి.